పరీక్ష హాల్లో సమయాన్ని పంచుకోవడం ఎలా?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం శ్రీహరికోట ప్రాంతంలో జరిగిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నర్సు మాట్లాడుతుందంటే బీపీ గురించో, షుగరు గురించో, చేతులు కడుక్కోవడం గురించో చెబుతుందని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు నేను పిల్లల పరీక్షల గురించి మాట్లాడబోతున్నాను. ఆసుపత్రికీ పరీక్షలకూ ఏమిటి సంబంధం అని మీకు అనుమానం రావచ్చు. సంబంధం ఉంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా మా వార్డుల్లో ఒక దృశ్యం కనబడుతూ ఉంటుంది. మంచం మీద తండ్రికి సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. కింద చాప మీద కూతురు పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటుంది. రోగం పరీక్షల టైం టేబుల్ చూసుకుని రాదు కదా. అదే నెలల్లో ఓపీకి కూడా పిల్లలు ఎక్కువగా వస్తారు. తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం, కళ్లు తిరగడం అని చెబుతారు. డాక్టరుగారు పరీక్షించి, అవసరమైతే రక్తపరీక్ష కూడా చేయిస్తారు. చాలామందిలో ఏ జబ్బూ దొరకదు. మెల్లగా కూర్చోబెట్టి అడిగితే అసలు మాట బయటకు వస్తుంది. "సిస్టరమ్మా, నాకు అన్నీ వచ్చు. కానీ టైం చాలదు. చివర్లో చేతులు వణుకుతాయి" అంటారు.

టైం చాలదన్న భయానికి మందు సీసాలో దొరకదు. అది అలవాటుతో తగ్గే భయం. ఆ అలవాటు ఎలా చేయించాలో మీరు తెలుసుకుంటే ఇంట్లో మీ పిల్లలకు మీరే సాయం చేయవచ్చు. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. గడియారం చూడటం వస్తే చాలు.

ఎన్ని ప్రశ్నలు, ఎన్ని నిమిషాలు?

ప్రవేశ పరీక్షలన్నింటిలో ఒక సంగతి సమానం. పేపరు ఎంత ఉంటుందో, సమయం ఎంత ఉంటుందో ముందే తెలుసు. కలెక్టరుగారి అబ్బాయికైనా, పులికాట్‌లో పడవ నడిపేవారి అమ్మాయికైనా అదే సమయం. కాబట్టి లెక్క ముందే వేసుకోవచ్చు.

ఐదో తరగతి పిల్లలు రాసే నవోదయ ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 120 నిమిషాలు. అంటే ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం. పదో తరగతి తరువాత రాసే పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. ప్రశ్నకు సరిగ్గా ఒక నిమిషం. ఇంటర్ తరువాత మన రాష్ట్రంలో రాసే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మనం ఇంకా అలవాటుగా ఎంసెట్ అనే పిలుస్తున్నాం, 2021లో పేరు మారింది. దీనిలో ప్రశ్నకు 67.5 సెకన్లు వస్తాయి. డాక్టరు చదువు కోసం రాసే నీట్‌లో 2025లో 180 ప్రశ్నలు ఇచ్చి 180 నిమిషాలు సమయం ఇచ్చారు. అక్కడా ప్రశ్నకు ఒక నిమిషమే. అందులోనే ప్రశ్న చదవాలి, ఆలోచించాలి, ఓఎంఆర్ పత్రంలో గడి నింపాలి. పద్ధతి ఒక్కోసారి మారుతుంది కాబట్టి ఆ సంవత్సరం ప్రకటనను, హాల్ టికెట్ మీది సూచనలను తప్పక చదవండి.

"ఒక నిమిషంలో లెక్క ఎలా చేస్తారమ్మా?" అని ఒక తండ్రి నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ప్రతి ప్రశ్నకూ ఒక నిమిషం పట్టదు. కొన్ని 20 సెకన్లలో అయిపోతాయి. కొన్నింటికి 3 నిమిషాలు కావాలి. సులువైన వాటిలో మిగిలిన సమయాన్ని కష్టమైన వాటికి ఖర్చు పెట్టాలి. ఇంటి ఖర్చు నడిపే ప్రతి తల్లికీ ఈ లెక్క తెలుసు. బియ్యానికి, బడి ఫీజుకు తీసి పెట్టిన తరువాతే చీర సంగతి చూస్తారు. పిల్లలు మాత్రం హాల్లో మొదటి గంటలోనే చీర కొనేస్తారు. ఒక కష్టమైన లెక్క దగ్గర కూర్చుని పది నిమిషాలు పోగొట్టుకుంటారు.

సెలైన్ సీసా చూసి నేర్చుకుందాం

మీలో చాలామంది వార్డులో సెలైన్ సీసా మీద అతికించిన తెల్లని పట్టీ చూసి ఉంటారు. దాని మీద మేము గంటలు రాస్తాం. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించమని డాక్టరుగారు రాశారనుకోండి. గంటకు 125 మిల్లీలీటర్లు వెళ్లాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. నర్సు చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టేది అందుకే. పట్టీ మీద పది గంటలకు ఇక్కడ ఉండాలి, పదకొండుకు ఇక్కడ ఉండాలి అని గీతలు గీస్తాం. గంట గంటకూ వచ్చి చూస్తాం.

సీసా వెనుకబడిందని చక్రం తిప్పి ఒక్కసారిగా వదిలేయం. అది గుండెకు, ఊపిరితిత్తులకు ప్రమాదం. వెనుకబడిన సంగతి గంటలోపే తెలిస్తే డాక్టరుగారిని అడిగి కొద్దిగా సర్దుకోవచ్చు. నాలుగో గంట చివర తెలిస్తే చేసేది ఏమీ ఉండదు. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మీరెవరూ ఆ చక్రాన్ని తిప్పకండి. నర్సును పిలవండి.)

పరీక్ష కూడా ఇంతే. గీతలు ముందే గీసుకోవాలి. ఆ గీతల కోసం ఒక సులువైన సూత్రం చెబుతాను. ఏ ప్రవేశ పరీక్షకైనా పనికి వస్తుంది.

మొత్తం సమయాన్ని నాలుగు సమాన భాగాలు చేయండి. మొదటి మూడు భాగాల్లో పేపరంతా ఒక చుట్టు చూడటం అయిపోవాలి. నాలుగో భాగం వదిలేసిన ప్రశ్నల దగ్గరకు తిరిగి రావడానికి, చివరిసారి సరిచూసుకోవడానికి.

పాలిసెట్ తీసుకుందాం. 120 నిమిషాలను నాలుగు చేస్తే 30 నిమిషాల చొప్పున వస్తుంది. మొదటి 30 నిమిషాలకు 40వ ప్రశ్న, 60 నిమిషాలకు 80వ ప్రశ్న, 90 నిమిషాలకు 120వ ప్రశ్న దాటాలి. చివరి 30 నిమిషాలు మిగులు. నీట్‌లో భాగం 45 నిమిషాలు. గీతలు 60, 120, 180వ ప్రశ్నల దగ్గర పడతాయి. ఈఏపీసెట్‌లోనూ భాగం 45 నిమిషాలే. అక్కడ 53, 107, 160వ ప్రశ్నల దగ్గర గీతలు.

ఈ అంకెలను పిల్లలు పరీక్ష మొదలైన వెంటనే రఫ్ పని కోసం ఇచ్చిన చోట రాసుకోవాలి. ఓఎంఆర్ పత్రం మీద మాత్రం ఏమీ రాయకూడదు. నీట్ వంటి పరీక్షలకు చేతి గడియారం లోపలికి రానివ్వరు. గోడ గడియారాన్ని చూడాలి. కంప్యూటర్ పరీక్షలో ఎంత సమయం మిగిలిందో తెర మీదే కనబడుతుంది. నిమిషానికోసారి చూడనక్కరలేదు. గీత దగ్గర ఒకసారి చూస్తే చాలు.

మూడు చుట్లు

క్యాజువాలిటీకి ఒకేసారి ఆరుగురు వస్తే వచ్చిన వరుసలో చూడం. ఎవరికి ఎంత అవసరమో ఒక్క చూపులో విడదీస్తాం. పరీక్షలో కూడా విడదీయడం నేర్చుకోవాలి. మాకు ప్రాణాపాయం ఉన్నవారు ముందు. మీ పిల్లలకు సులువైన ప్రశ్న ముందు, ఎందుకంటే ఈ పరీక్షల్లో సులువైన ప్రశ్నకూ కష్టమైన ప్రశ్నకూ మార్కులు సమానం.

మొదటి చుట్టు: ప్రశ్న చదవగానే దారి కనబడితే చేయాలి. అర నిమిషంలో దారి కనబడకపోతే చిన్న గుర్తు పెట్టి ముందుకు వెళ్లాలి. దారి కనబడి మొదలుపెట్టినా రెండు నిమిషాల్లో తేలకపోతే అక్కడికి ఆపాలి. ఇదే అన్నిటికంటే కష్టమైన పని. సగం చేసిన లెక్కను వదలడానికి మనసు ఒప్పుకోదు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనిపిస్తుంది. ఆ ఒక్క నిమిషాలే తరువాత గంటవుతాయి.

రెండో చుట్టు: గుర్తు పెట్టిన వాటి దగ్గరకు తిరిగి రావాలి. ముందు సగం తెలిసినవి, తరువాత మిగిలినవి. చాలాసార్లు మొదట తట్టనిది రెండోసారి చూసినప్పుడు తడుతుంది.

మూడో చుట్టు: చివరి ఏడెనిమిది నిమిషాలు. కొత్త ప్రశ్న ముట్టుకోకూడదు. గడులు సరిగా నింపామా, ఒక ప్రశ్న వదిలినందువల్ల కింది సమాధానాలన్నీ ఒక వరుస జరిగిపోయాయా అని చూసుకోవాలి. గడులు నింపడం చివరికి దాచుకోవద్దు. పేజీ పేజీకి నింపుకుంటూ పోవాలి. కంప్యూటర్ పరీక్షలో సమాధానం ఎంచుకున్నాక సేవ్ అండ్ నెక్స్ట్ అనే బటన్ నొక్కాలి. సందేహం ఉన్న ప్రశ్నకు గుర్తు పెట్టుకోవడానికి వేరే బటన్ ఉంటుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న మా వార్డులో పది రోజులు ఉన్నారు. ఆ అమ్మాయి పాలిసెట్‌కు చదువుతోంది. "మా పాప ఇంట్లో అన్నీ గడగడా చెబుతుంది, పేపరు మాత్రం సగంలోనే ఆగిపోతుంది సిస్టరమ్మా" అని తల్లి బాధపడింది. సాయంత్రం డ్యూటీ దిగాక ఆ పాపను వరండా బెంచీ మీద కూర్చోబెట్టి పాత పేపరు ఒకటి రాయించాను. ప్రతి ప్రశ్న పక్కన అది ముగించిన నిమిషం రాయమన్నాను. గంట గడిచేసరికి 41వ ప్రశ్న దగ్గర ఉంది. ఇద్దరం కలిసి ఆ నిమిషాలు కూడి చూశాం. అందులో ఐదు ప్రశ్నలకే 28 నిమిషాలు పోయాయి. మిగిలిన 36 ప్రశ్నలకు పట్టింది 32 నిమిషాలే. ఆ పాప నెమ్మదస్తురాలు కాదని అప్పుడు తల్లికి అర్థమైంది. ఆ పాపకూ అర్థమైంది. ఐదు చోట్ల కాలు ఇరుక్కుంది, అంతే. రెండో పేపరులో ఆ ఐదింటి లాంటివి వదిలి ముందుకు పోవడం అభ్యాసం చేసింది. మూడో పేపరులో చివరి ప్రశ్న దాకా వచ్చి తొమ్మిది నిమిషాలు మిగుల్చుకుంది. వాళ్ల నాన్న మంచం మీద నుంచే ఆ పేపరు అడిగి తీసుకుని, అంకెలు అర్థం కాకపోయినా చాలాసేపు చూసుకున్నారు.

మీ ఇంట్లో కూడా ఇలా చేయించండి. సమయం ఎక్కడ పోతోందో కాగితం మీద చూసిన పిల్లలకు "త్వరగా రాయి, త్వరగా రాయి" అని చెప్పనక్కరలేదు.

తెలియని ప్రశ్నను ఏం చేయాలి?

ఇది పరీక్షను బట్టి ఉంటుంది. ఈఏపీసెట్‌లో, పాలిసెట్‌లో తప్పు రాస్తే మార్కు కోయరు. కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నీ నింపేయాలి.

నీట్‌లో సరైన సమాధానానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. నాలుగు సమాధానాల్లో రెండు తప్పని ఖాయంగా తెలిసి మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకున్నారనుకోండి. ఇలాంటి నాలుగు ప్రశ్నల్లో సగటున రెండు ఒప్పవుతాయి. 8 మార్కులు వచ్చి 2 పోతాయి. 6 మిగులుతాయి. కాబట్టి అది రాయవలసిందే. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే నాలుగింట్లో ఒకటి ఒప్పయి 4 వస్తాయి, 3 పోతాయి. సగటున మిగిలేది ఒక్క మార్కు. అది కూడా అదృష్టాన్ని బట్టి. అటువంటి ప్రశ్న మీద ఒక్క నిమిషం కూడా పెట్టవద్దు. ఆ నిమిషాన్ని సగం తెలిసిన ప్రశ్నకు ఇవ్వండి.

పదో తరగతి పబ్లిక్ పరీక్ష వేరే రకం. అక్కడ రాసి చూపించాలి. 100 మార్కుల పేపరుకు 3 గంటలు రాసే సమయం ఉంటే, మార్కుకు ఒకటిన్నర నిమిషం అనుకోండి. 8 మార్కుల ప్రశ్నకు 12 నిమిషాలు, 4 మార్కులకు 6 నిమిషాలు, 2 మార్కులకు 3 నిమిషాలు. మొత్తం 150 నిమిషాలు అవుతుంది. అరగంట మిగులుతుంది. బాగా వచ్చిన వ్యాసానికి నాలుగు పేజీలు రాసినా 8కి 9 మార్కులు వేయరు. ప్రశ్నపత్రం చదువుకోవడానికి మొదట ఇచ్చే 15 నిమిషాల్లో ఏది ముందు రాయాలో గుర్తు పెట్టుకోవాలి.

కౌంట్‌డౌన్‌లో ఆగడం కూడా ఉంది

శ్రీహరికోటలో ఉన్నవాళ్లకు కౌంట్‌డౌన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరినప్పటి నుంచి మన పెద్దలు, మనం, మన పిల్లలు మిద్దెల మీదికెక్కి చూస్తూనే ఉన్నాం. 2025 జనవరి 29న వందో ప్రయోగం కూడా చూశాం.

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం చేసిన పరీక్ష ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. వాతావరణం వల్ల సమయం జరిపారు. తీరా ఇంక ఐదు సెకన్లు ఉందనగా కంప్యూటర్ దానంతట అదే ఆపేసింది. దేశమంతా టీవీల ముందు కూర్చుని ఉంది. శాస్త్రవేత్తలు కంగారుపడలేదు. ఎందుకు ఆగిందో చూశారు, సరిచేశారు, పది గంటలకు ప్రయోగించారు. అది విజయవంతమైంది. ఆగి చూసుకోవాలన్న ఏర్పాటు ముందే ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

మీ పిల్లలకు కూడా ఆ ఏర్పాటు నేర్పండి. వరుసగా మూడు ప్రశ్నలు తెలియకపోతే గుండె వేగం పెరుగుతుంది, చేతులు చెమట పడతాయి, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతారు. అప్పుడు పెన్ను కింద పెట్టాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఐదుసార్లు చేయాలి. నిమిషం కూడా పట్టదు. గాలి నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. తరువాత ఆ మూడు ప్రశ్నలకు గుర్తు పెట్టి నాలుగో దానికి వెళ్లాలి. ఆ ఒక్క నిమిషం వృథా కాదు. కంగారులో పోయే పదిహేను నిమిషాలను అది కాపాడుతుంది. దీన్ని ఇంట్లో పేపరు రాసేటప్పుడే అలవాటు చేయాలి. హాల్లో మొదటిసారి చేస్తే కుదరదు.

ఇంట్లో సాధన

వారానికి ఒక పూర్తి పేపరు, పరీక్ష దగ్గరపడ్డాక రెండు చాలు. అసలు పరీక్ష ఏ పూట ఉంటుందో ఆ పూటే రాయించండి. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా జరుగుతుంది. రోజూ భోంచేసి ఆ వేళకు నిద్రపోయే అలవాటున్న పిల్లలకు హాల్లో కళ్లు మూతలు పడతాయి. టీవీ ఆపండి, ఫోను వేరే గదిలో పెట్టండి. మధ్యలో పాలు, పండ్లు అంటూ వెళ్లి పలకరించకండి.

కంప్యూటర్ పరీక్ష రాసే పిల్లలకు కనీసం రెండుసార్లు కంప్యూటర్ మీద అభ్యాసం కావాలి. నమూనా పరీక్షలు అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే బడిలోనో, నెట్ సెంటరులోనో ఒక పూట కూర్చోబెట్టండి.

పరీక్షకు ముందు రోజు, ఆ రోజు

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ముందు రాత్రి తెల్లవార్లూ చదివిన పిల్లలకు ప్రశ్న చదవడానికే ఎక్కువ సమయం పడుతుంది. నిద్ర రాకుండా మాత్రలు, జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు అని ఎవరైనా ఇస్తే వేయించకండి.

అలవాటైన తిండే పెట్టండి. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం ఏదైనా ఫరవాలేదు. ఖాళీ కడుపుతో పంపకండి. బయట చిరుతిండి ఆ వారం మానిపించండి. మన కోస్తా ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ తగులుతుంది. గొడుగు, నీళ్ల సీసా తప్పనిసరి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగించండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఆడపిల్లలకు నెలసరి తేదీ దగ్గరగా ఉంటే ప్యాడ్లు సంచిలో పెట్టండి. కడుపునొప్పి ఎక్కువగా ఉండేవారైతే పది రోజుల ముందే డాక్టరును కలవండి.

సెంటరు గూడూరులోనో, నెల్లూరులోనో, తిరుపతిలోనో పడుతుంది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. నీట్‌కు పరీక్ష రెండింటికైనా గేటు ఒకటిన్నరకే మూసేస్తారు. బస్సు ఎన్నింటికి చేరుతుందో చూసి దాని ముందు బస్సుకు బయలుదేరండి.

ఇంట్లో రోగి ఉన్నప్పుడు

ఇప్పుడు మీ అందరికీ సంబంధించిన మాట. రోగి దగ్గర రాత్రి కాపలాకు పరీక్ష రాసే పిల్లలను పెట్టకండి. ముఖ్యంగా చివరి రెండు వారాలు. పిన్నినో, బాబాయినో, పక్కింటి వారినో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. ఎవరూ లేరంటే వార్డు సిస్టరుకు చెప్పండి. పూర్తిగా తీర్చలేకపోయినా, పిల్లలు కూర్చుని చదువుకోవడానికి వెలుతురున్న చోటు చూపిస్తాం.

పిల్లలు ఆసుపత్రికి వచ్చే వేళ ఒకటి నిర్ణయించండి. సాయంత్రం ఒక గంట చాలు. ఏ సమయంలోనైనా ఫోను వస్తుందేమో అని ఎదురుచూసే పిల్లలకు పుస్తకంలో అక్షరం ఎక్కదు. జబ్బు సంగతి దాచకండి. వాళ్ల వయసుకు తగినట్టు నిజం చెప్పండి. దాచినదాన్ని పిల్లలు ఊహించుకుంటారు. వాళ్ల ఊహ జబ్బు కంటే పెద్దది.

పిల్లలకే షుగరు ఉండి ఇన్సులిన్ తీసుకుంటుంటే పరీక్ష రోజు ఎప్పుడు తినాలి, ఎంత మందు వేయాలి అన్నది ముందే డాక్టరుతో మాట్లాడండి. షుగరు ఉన్న పిల్లలు చక్కెర బిళ్లలు, పండు వెంట ఉంచుకోవడానికి జాతీయ స్థాయి పరీక్షల్లో అనుమతిస్తారు. హాల్ టికెట్ మీది నియమాలు చూసి, డాక్టరు కాగితం వెంట పంపండి. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లలకు ఆ రోజు మందు మానిపించకండి. మత్తుగా ఉంటుందని మూర్ఛ మాత్ర ఆపేస్తే హాల్లోనే మూర్ఛ రావచ్చు.

40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉండి, నియమాల ప్రకారం అర్హత ఉన్న పిల్లలకు నీట్ వంటి పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనం అన్నమాట. రాయలేని వారికి రాసిపెట్టే మనిషిని కూడా ఇస్తారు. ఇది దయ కాదు, వాళ్ల హక్కు. కానీ దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ సంగతి రాయాలి. సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. పరీక్ష రోజు గేటు దగ్గర అడిగితే లాభం లేదు.

ఫలితం వచ్చిన రోజు

చివరిగా ఒక మాట. సమయాన్ని ఎంత బాగా పంచుకున్నా అందరికీ అనుకున్న ర్యాంకు రాదు. సీట్లు తక్కువ, రాసేవారు ఎక్కువ. ఫలితాల రోజుల్లో కొందరు పిల్లలను క్యాజువాలిటీకి తీసుకువస్తారు. ఏ స్థితిలో తీసుకువస్తారో మీరు ఊహించగలరు. అందరినీ మేము కాపాడలేం. కాబట్టి ముందే చెబుతున్నాను.

పిల్లలు తిండి మానేసినా, మాట్లాడటం తగ్గించినా, నేనెందుకు బతకాలి అన్న మాట ఎగతాళిగా అన్నా తేలికగా తీసుకోవద్దు. నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఎవరో ఒకరు అడిగారన్నదే వాళ్లను ఆపుతుంది. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, పాత మాత్రలు ఉంటే తీసేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416కు ఫోను చేయవచ్చు. 2022 నుంచి నడుస్తోంది. ఉచితం. రాత్రయినా, పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. మా దగ్గరకు తీసుకువచ్చినా సరే.

1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఏడాది తిరగకముందే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రాకెట్‌కే రెండో అవకాశం ఇచ్చిన ఊరు మనది. ఇంటర్ తప్పినవారికి అదే ఏడాది సప్లిమెంటరీ ఉంది. ప్రవేశ పరీక్షలను మరుసటి సంవత్సరం మళ్లీ రాయవచ్చు. పాలిటెక్నిక్, నర్సింగ్, ఐటీఐ, డిగ్రీ ఇంకా ఎన్నో దారులు ఉన్నాయి. నేను చదివినది డిప్లొమా నర్సింగే. ఆ చదువుతోనే ఇన్నేళ్లుగా మీ మధ్య పని చేస్తున్నాను.

ఈ రోజు ఇంటికి వెళ్లాక పిల్లలను పాత పేపరు ఒకటి ముందు పెట్టుకుని కూర్చోమనండి. సమయాన్ని నాలుగు భాగాలు చేసి గీతలు గీయమనండి. మీరు పక్కన గడియారం పట్టుకుని కూర్చోండి. పేపరు అయ్యాక ఎన్ని మార్కులు అని అడగడానికి ముందు, ఎక్కడ ఆగావు నాన్నా అని అడగండి.